నెల్లూరు నుంచి లాస్ వేగాస్ టెక్నాలజీ షోకి ఎలా వెళ్లాలి?

ఏటా జనవరి మొదట్లో అమెరికాలోని లాస్ వేగాస్‌లో సీఈఎస్ అనే పెద్ద టెక్నాలజీ షో జరుగుతుంది. హాల్లో పెట్టుకునే టీవీ నుంచి డ్రైవరు లేకుండా దున్నే ట్రాక్టరు దాకా అన్నీ అక్కడికి వస్తాయి. 2025లో 4,500 దాకా కంపెనీలు స్టాళ్లు పెట్టాయి. రొయ్యల గుంటల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోతే రైతు ఫోన్‌కి అలారం పంపే పెట్టెలు తయారు చేస్తాను నేను. ఆ పని మీదే ఒకసారి వెళ్లొచ్చాను.

అన్నిటికంటే ముందు, ఒక ప్రశ్న రాసుకోండి. ఒక్కటి చాలు. నా ప్రశ్న ఇది: నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ ఉప్పునీళ్లలో పాచి పట్టకుండా ఎన్నాళ్లు పనిచేస్తుంది? అల్లూరు వైపు గుంటల్లో మేం పెట్టినవి వారం తిరక్కుండానే జిగురు పట్టి తప్పుడు లెక్క చూపించేవి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయిందంటే రొయ్యలు చచ్చి పంట మొత్తం పోతుంది. లెక్క తప్పితే రైతు ముఖం చూడలేం. ఇలా తేల్చుకోవాల్సిన సంగతేమీ లేకపోతే అంత ఖర్చు పెట్టి వెళ్లొద్దనే చెప్తాను.

తర్వాత రిజిస్ట్రేషన్. మన ఊళ్లో ఎగ్జిబిషన్‌లాగా ఎవరు పడితే వాళ్లు టికెట్ కొనుక్కుని వెళ్లేది కాదు. ఈ రంగంలో వ్యాపారమో ఉద్యోగమో ఉండాలి, 18 ఏళ్లు నిండాలి. వీసా ఇంటర్వ్యూ చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది. తేదీ దొరకడానికి నెలలు పట్టొచ్చు, కాబట్టి ముందు ఆ పని మొదలుపెట్టండి. హోటల్ బుక్ చేసేటప్పుడు ‘రిసార్ట్ ఫీజు’ అని రోజుకింత వేస్తారు, అది కూడా కలిపి లెక్క చూసుకోండి.

సర్దుకునేటప్పుడు పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. అక్కడ కరెంటు 120 వోల్టులు, ప్లగ్గు పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి. 230 వోల్టులకే చేసిన శాంపిల్ తీసుకెళ్తే అక్కడ సరిగ్గా పనిచేయకపోవచ్చు. మాంసం పచ్చళ్లు వద్దు, పొడులు తీసుకెళ్తే కస్టమ్స్‌లో తప్పకుండా చెప్పండి.

షో ఒకే చోట జరగదు. కన్వెన్షన్ సెంటర్ ఒకటి, వెనీషియన్ ఎక్స్‌పో ఇంకొకటి. బ్యాడ్జి ఉన్నవాళ్లకి మధ్యలో ఉచిత బస్సులున్నా, రోజుకి ఒక చోటే పెట్టుకోండి, లేకపోతే క్యూల్లోనే పొద్దు పోతుంది. వెనీషియన్‌లో యురేకా పార్క్ అని చిన్న స్టార్టప్‌ల హాలుంది. మొదటి రోజు పొద్దున్నే అక్కడికే వెళ్లండి. తయారుచేసిన మనిషే స్టాల్లో నిలబడి ఉంటాడు, అడిగినదానికి సూటిగా జవాబు చెప్తాడు. పెద్ద కంపెనీల టీవీలు చివరి రోజు చూసినా నష్టం లేదు.

స్టాల్ దగ్గర మాటలకంటే ఫొటో బాగా పనిచేస్తుంది. పాచి పట్టిన మా సెన్సర్ ఫొటో చూపిస్తే, అక్కడున్న అమ్మాయి దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసి, డబ్బాలోంచి ఇంకో సెన్సర్ తీసి నా చేతిలో పెట్టింది. దాని మొన మీద చిన్న బ్రష్ గంటకోసారి తిరిగి తుడుస్తుంది. అప్పుడు మూడు సంగతులు అడిగాను: ఉప్పునీళ్లలో ఎన్నాళ్లు పెట్టి చూశారు, కనీసం ఎన్ని కొనాలి, పాడైతే బాగుచేసేదెవరు. మీరూ ఇవే అడగండి. ‘త్వరలో మార్కెట్లోకి’ అంటే మీ పుస్తకంలో ‘ఇంకా లేదు’ అని రాసుకోండి. అక్కడ చూపించే వాటిలో ఇంకా అమ్మకానికి రాని నమూనాలు కూడా ఉంటాయి.

లాస్ వేగాస్‌లో రాత్రి 7 అయితే మనకి మర్నాడు పొద్దున 8:30. రూముకి రాగానే గుంట గట్టు మీదున్న రైతుకి వీడియో కాల్ చేసి, తీసిన వీడియోలు చూపించాను. ‘బ్రష్‌లో నాచు పోగులు చిక్కుకుంటే?’ అన్నాడాయన. నాకు తట్టని ప్రశ్న అది. మర్నాడు మళ్లీ ఆ స్టాల్‌కే వెళ్లి అడిగాను. నాచుకి ఇంకా పరీక్షించలేదని ఆ అమ్మాయి ఒప్పుకుని, రెండు శాంపిళ్లు పంపింది. ఒకటి ఇప్పుడు ఆయన గుంటలోనే ఉంది.