సస్పెన్షన్ మార్చాక బండి నిలకడ తప్పిందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

కొత్త స్ప్రింగులు, కొత్త షాకబ్జార్బర్లు వేయించాక బండి ముందుకంటే బాగా పోవాలి. చాలామంది విషయంలో జరిగేది వేరు. వీధుల్లో తిరిగినంతసేపూ అంతా బాగున్నట్టే ఉంటుంది. హైవే ఎక్కి 80 దాటేసరికి బండి తిన్నగా పోదు. కాస్త కుడికి సర్దితే మరీ కుడికి పోతుంది, ఎడమకి సర్దితే మరీ ఎడమకి. గంట నడిపేసరికి భుజాలు పట్టేస్తాయి. పక్కనుంచి లారీ దాటుతుంటే గుండె దడదడలాడుతుంది. ఎవరినైనా అడిగితే ఒకరు స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊగుడుని అణిచే చిన్న షాక్) వేయించమంటారు, ఇంకొకరు టైర్లు మార్చమంటారు.

దయచేసి అప్పుడే ఇంకో పార్టు కొనకండి. మొన్నటిదాకా బాగున్న బండి ఇవాళ తేడా చేస్తోందంటే, మధ్యలో జరిగింది ఆ సస్పెన్షన్ పనే. కాబట్టి చెయ్యి పెట్టిన చోటే మొదట వెతకాలి. అదీ ఒక వరసలో వెతకాలి. వరస తప్పితే నాలుగుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేయించినా లోపం దొరకదు.

లోపం దొరికేదాకా బండిని నెమ్మదిగానే నడపండి. స్టీరింగ్ ఒక్కసారిగా విపరీతంగా ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని మెల్లగా పక్కకి ఆపండి. అలాంటి బండిని మళ్ళీ వేగంగా నడిపి చూడాల్సిన అవసరం లేదు.

ముందు బండి ఏం చేస్తోందో రాసుకోండి

"హ్యాండ్లింగ్ బాగోలేదు" అంటే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు. ఎప్పుడు, ఎంత వేగంలో, ఎటువైపు అన్నది కావాలి. ఎప్పుడూ ఒకే వైపు లాగుతోందా, లేక అటూ ఇటూ తిరుగుతోందా? ఈ రెండూ వేరువేరు జబ్బులు. ఒకే వైపు లాగితే కుడి ఎడమల మధ్య తేడా ఉన్నట్టు: టైరు, క్యాంబర్ (చక్రం నిలువుగా కాకుండా లోపలికో బయటికో ఒరిగిన కోణం), క్యాస్టర్ (చక్రం ఏ ఇరుసు మీద మలుపు తిరుగుతుందో ఆ ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం), లేదా పట్టేసిన బ్రేకు. అటూ ఇటూ తిరిగితే క్యాస్టర్ తగ్గి ఉండొచ్చు, ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) బయటికి తెరుచుకుని ఉండొచ్చు, ఎక్కడో ప్లే (జాయింట్లలో వదులు) ఉండొచ్చు.

గుంతలో పడ్డప్పుడు మీరు తిప్పకుండానే బండి పక్కకి దూకితే అది బంప్ స్టీర్. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాకపోతే ఏదో జాయింటు బిగుసుకుంది, లేదా స్ట్రట్ (ముందు స్ప్రింగూ షాకూ కలిసి ఉండే భాగం) పైనుండే బేరింగ్ సరిగా కూర్చోలేదు, లేదా క్యాస్టర్ బాగా తగ్గింది. ఎత్తు పల్లాల మీద బండి పడవలా ఊగుతుంటే షాకబ్జార్బర్ ఆ స్ప్రింగుకి చాలడం లేదు. మలుపు మధ్యలో ఉన్నట్టుండి పట్టు జారితే, షాక్ ప్రయాణం అయిపోయి, చివర అడ్డుగా ఉండే బంప్ రబ్బరుకి కొట్టుకుంటోందని అనుమానించాలి. ఈ ముక్కలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, చివరిదాకా పనికొస్తాయి.

బోల్టులు

బండిని గట్టి నేల మీద ఎత్తి, స్టాండ్లు పెట్టాకే కిందికి దూరండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల పెట్టకండి.

కొత్తగా విప్పి బిగించిన ప్రతి బోల్టునూ టార్క్ రెంచ్‌తో చూడాలి. ఎంత టార్క్ అన్నది బండి మాన్యువల్‌లోనో, కిట్‌తో వచ్చిన కాగితంలోనో ఉంటుంది. చూసిన ప్రతి బోల్టు మీదా పెయింట్ పెన్‌తో, నట్టు నుంచి పక్క ఇనుము మీదికి ఒక గీత గీయండి. నట్టు తర్వాత కదిలితే ఆ గీత విరిగి కనబడుతుంది. ఒక్కసారే వాడాల్సిన లాక్ నట్లను పాతవే మళ్ళీ బిగించి ఉంటే మార్చేయండి.

అన్నిటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. నాకూ జరిగింది. ముందు లోయర్ ఆర్ములు (చక్రాన్ని బండికి కలిపే కింది చేతులు), స్ప్రింగులు మార్పించాక నా బండి ముక్కు పైకి లేచి నిలబడింది. చిన్న గతుకుకి కూడా దడేల్మనేది, స్టీరింగ్ బరువుగా ఉండేది. "కొత్త స్ప్రింగు కదా, నడిపితే దిగుతుంది" అన్నారు. నెల రోజులైనా దిగలేదు. తీరా చూస్తే ఆర్ము బోల్టులు చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడే పూర్తిగా బిగించేశారు.

ఆర్ములో ఉండే రబ్బరు బుష్ బేరింగులా తిరగదు. దాని లోపలి గొట్టాన్ని బోల్టు గట్టిగా పట్టేస్తుంది, బయటి గొట్టం ఆర్ముకి అంటుకుని ఉంటుంది. మధ్యలో రబ్బరు మెలి తిరుగుతుంది, అంతే. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండిని కిందికి దించిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. అది అదనపు స్ప్రింగులా పనిచేసి బండిని పైకి తోస్తుంది, కొన్నాళ్ళకి చిరిగిపోతుంది. కుడి ఎడమల్లో మెలిక వేరువేరుగా ఉంటే బండి ఒక పక్కకి ఒరుగుతుంది. చక్రాల మీద బండి పూర్తి బరువు ఉండగా, ర్యాంపు మీదో పిట్ మీదో నిలిపి, ఆ బోల్టులు వదులు చేసి, బండిని నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలి, మళ్ళీ బిగించాలి. నా బండి ముక్కు ఆ ఒక్క పనితో దాదాపు ఒక సెంటీమీటరు దిగింది. దడదడ పోయింది. కొత్త పార్టు ఒక్కటీ కొనలేదు. గ్రీజు పట్టించి వేసే పాలీయురేథేన్ బుష్‌లు తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది ఉండదు, కానీ గ్రీజు లేకుండా వేస్తే కిర్రుమంటూ బిగుసుకుంటాయి.

కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్న బండికి, కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు చూడండి. కట్ట మధ్య బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో కూర్చుందా లేదా అన్నది మరీ ముఖ్యం. కూర్చోకపోతే యాక్సిల్ వెనక్కో ముందుకో జరిగి, బండి పీతలా పక్కవాటుగా నడుస్తుంది.

టైర్లు, చక్రాలు

ఇది త్వరగా అయిపోయే పని, కానీ వదలకండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డోరు పక్కన అంటించిన స్టిక్కరులో ఉన్నంత గాలి నింపండి. టైరు సైజు మార్చి ఉంటే ఆ లెక్క వేరుగా ఉంటుంది. బండి ఒక వైపు లాగుతుంటే ముందు రెండు చక్రాలనూ అటుదిటు మార్చి నడిపి చూడండి. లాగుడు కూడా అటు మారితే తప్పు టైరుది, సస్పెన్షన్‌ది కాదు. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే అలా మార్చకూడదు. సస్పెన్షన్‌తో పాటు స్పేసర్లో, ఎక్కువ బయటికి వచ్చే రిమ్ములో వేసి ఉంటే, అవి తీసి పాత చక్రాలతో ఒకసారి నడపండి. చక్రం బయటికి జరిగే కొద్దీ రోడ్డు మీది ప్రతి గతుకూ స్టీరింగ్‌ని ఎక్కువగా గుంజుతుంది.

ఎత్తు కొలవండి

సమంగా ఉన్న నేల మీద బండి నిలిపి, చక్రం సరిగ్గా మధ్య నుంచి పైన ఫెండరు అంచు దాకా టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా అందులో కలిసిపోతుంది. నాలుగు మూలలూ రాసుకోండి.

కుడి ఎడమలకి కంటికి ఆనేంత తేడా ఉంటే స్ప్రింగుని చూడాలి. దాని చివరి కొస, సీటులో ఉండే మెట్టుకి ఆని ఉండాలి. స్ప్రింగు కాస్త తిరిగి కూర్చుంటే కొస మెట్టెక్కి ఉంటుంది. ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పినప్పుడు టంగుమని చప్పుడు వస్తే ఇదే కారణం కావచ్చు. కొన్ని కిట్లలో కుడి స్ప్రింగు వేరు, ఎడమ స్ప్రింగు వేరు, వాటి మీది నంబర్లు చదివి సరిచూడండి. వెనక భాగాన్ని మాత్రమే ఎత్తిన బండిలో ముక్కు కిందికి వంగుతుంది. దాంతో క్యాస్టర్ కూడా తగ్గుతుంది. వెనక పని చేస్తే ముందు స్టీరింగ్ ఎందుకు తేలిపోయిందని ఆశ్చర్యపోయేవాళ్ళకి జవాబు ఇదే.

ప్లే ఎక్కడుందో వెతకండి

దీనికి ఇంకో మనిషి కావాలి. చక్రాలు నేల మీదే ఉండాలి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆన్‌లో ఉండాలి. లోపల కూర్చున్నవాళ్ళు స్టీరింగ్‌ని కాస్త కుడికీ ఎడమకీ టకటకా ఊపుతూ ఉండాలి. మీరు చక్రం దారిలో కాకుండా పక్కనుంచి చూస్తూ, ప్రతి జాయింటు మీదా వేలు ఆనించండి. కంటికి కనబడని ప్లే వేలికి టిక్కుమని తగులుతుంది. రాడ్ ముందు కదిలి, చక్రం ఆలస్యంగా కదిలితే ఆ రెండింటి మధ్యే లోపం ఉంది.

తర్వాత చక్రాన్ని ఎత్తి, గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ఊపండి. కదిలితే బాల్ జాయింటో, వీల్ బేరింగో. 9, 3 దగ్గర పట్టుకుని ఊపితే కదలిక టై రాడ్ (స్టీరింగ్ నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే కడ్డీ) వైపు చూపిస్తుంది.

ముందు కూడా ఒకే కడ్డీ యాక్సిల్ ఉన్న జీపుల్లాంటి బండ్లలో, యాక్సిల్‌ని పక్కలకి జరగకుండా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ బోల్టుల దగ్గర ఎక్కువసేపు చూడండి. బోల్టు రంధ్రం కోలగా సాగిపోయి ఉంటే ఎంత బిగించినా నిలవదు. గతుకు తగలగానే స్టీరింగ్ భయంకరంగా ఊగే జబ్బుకి తరచూ కనబడే కారణం ఇది. స్టీరింగ్ డ్యాంపర్ మారిస్తే కొన్నాళ్ళు ఊగుడు కనబడదు, లోపల రంధ్రం మాత్రం ఇంకా సాగుతూనే ఉంటుంది. అందుకే ముందే డ్యాంపర్ కొనొద్దన్నాను.

ఇప్పుడు అలైన్‌మెంట్

పైవన్నీ సరయ్యాకే అలైన్‌మెంట్ చేయించాలి. లూజుగా ఉన్న జాయింటు మీద పెట్టిన కొలత గేటు దాటేలోపు మారిపోతుంది. ముందు కొలతలు, తర్వాతి కొలతలు రెండూ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి.

ఎత్తు మారితే మొదట చెదిరేది టో. ముందు చక్రాలు బయటికి తెరుచుకుంటే బండి చిన్న కదలికకే అటూ ఇటూ పరుగెత్తుతుంది. స్టీరింగ్‌ని మధ్యకి తెచ్చేది క్యాస్టర్. కడ్డీ యాక్సిల్ బండిని స్ప్రింగులతో పైకెత్తితే యాక్సిల్ మెలి తిరిగి క్యాస్టర్ తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి ఆఫ్‌సెట్ బుష్‌లు (బోల్టు రంధ్రం ఒక పక్కకి ఉండేవి) గానీ, పొడవు మార్చగల ఆర్ములు గానీ, కమాన్ కట్టల బండికి వాలు పలకలు (వెడ్జ్‌లు) గానీ వేయాలి. చాలా కిట్లలో ఇవి రావు. "అన్నీ ఆకుపచ్చలో ఉన్నాయి" అన్న మాటతో తృప్తి పడకండి. రెండు పక్కలూ విడివిడిగా హద్దుల్లోనే ఉన్నా వాటి మధ్య తేడా ఉంటే బండి లాగుతుంది: క్యాస్టర్ తక్కువున్న వైపుకి, క్యాంబర్ పాజిటివ్‌గా ఎక్కువున్న (చక్రం పైభాగం ఎక్కువ బయటికి ఒరిగిన) వైపుకి. వెనక చక్రాల కొలతలు కూడా చూడండి. వెనక టో ఒక పక్కకి తిరిగి ఉంటే, స్టీరింగ్ వంకరగా పట్టుకుంటేనే బండి తిన్నగా పోతుంది.

ఈఎస్‌సీ (బండి జారకుండా తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు) ఉన్న బండికి స్టీరింగ్ మధ్య స్థానం మారితే యాంగిల్ సెన్సర్‌ని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయించాలి. లేకపోతే మీరు తిన్నగా పోతున్నా, మలుపులో ఉన్నారనుకుని అది బ్రేకు వేయొచ్చు.

నిలబడితే బాగుండి, కదిలితే తేడా చేస్తే

అలైన్‌మెంట్ కొలిచేది కదలని బండిని. కాగితం బాగుండి రోడ్డు మీద ఇంకా తేడా ఉంటే, బండి ముందు నుంచి కిందికి చూడండి. స్టీరింగ్ టై రాడ్, లోయర్ ఆర్ము దాదాపు ఒకే వాలులో ఉండాలి. కడ్డీ యాక్సిల్ అయితే డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే కడ్డీ), పాన్‌హార్డ్ రాడ్ ఒకే వాలులో ఉండాలి. కిట్ వాటిలో ఒకదాన్ని మాత్రమే కిందికి దించి ఉంటే, చక్రం పైకీ కిందికీ పోయిన ప్రతిసారీ దానంతట అదే తిరుగుతుంది. అదే బంప్ స్టీర్. దాన్ని టో సర్ది పోగొట్టలేరు, బ్రాకెట్టు మార్చాల్సిందే.

షాక్ ప్రయాణం చాలుతోందా అని తెలుసుకోవడానికి, బయటికి కనబడే షాక్ రాడ్‌కి, కింద షాక్ గొట్టం దగ్గర ఒక ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి మామూలుగా నడిపి రండి. అది పైన బంప్ రబ్బరు దాకా జరిగిపోయి ఉంటే, మీ షాక్ ప్రతి పెద్ద గతుకుకీ రబ్బరుని గుద్దుతోంది. తక్కువ ఎత్తు స్ప్రింగులు వేసి పాత షాక్‌లే ఉంచితే ఇలా జరుగుతుంది. సర్దుబాటు చేసే షాక్‌లైతే కుడి ఎడమల క్లిక్కులు సమానంగా ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, తర్వాత ఒకసారికి రెండేసి క్లిక్కులే మార్చండి.

ఏది మార్చినా ఒక్కటే మార్చి, అదే రోడ్డు మీద, అదే వేగంలో, టైర్లలో అదే గాలితో నడిపి, మొదట రాసుకున్న కాగితంతో పోల్చండి. పాత స్ప్రింగులనీ షాక్‌లనీ అప్పుడే పారేయకండి. అన్నీ చూసినా లోపం దొరక్కపోతే అవి తిరిగి వేసి నడపడమే కచ్చితమైన పరీక్ష. అంతా సరయ్యాక కూడా, మొదటి 100 కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లని మళ్ళీ టార్క్ చేసి, టార్చిలైటు తీసుకుని బండి కిందికి వెళ్ళి, గీసిన పెయింటు గీతలన్నీ విరగకుండా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూడండి.