సీమ ఇళ్లలో పండుగ తీపి: ఉగాది ఓళిగల నుంచి సంక్రాంతి అరిసెల దాకా

రాయలసీమలో ఏ పండుగకు ఏ తీపి చేయాలో పంచాంగం ఒక్కటే నిర్ణయించదు. ఎండ, గాలిలోని తడి, ఆ నెలలో ఇంటికి చేరిన పంట కూడా నిర్ణయిస్తాయి. ఎండ ముదిరే ఉగాదికి అప్పటికప్పుడు చేసుకుని తినే పూర్ణం వంటలు, చలి ఉన్న సంక్రాంతికి వారాల తరబడి నిలవ ఉండే పాకం వంటలు పెట్టుకోవడంలో పెద్దల అనుభవం ఉంది. ఆ వరుసను గౌరవించి చేసుకుంటే వంట కుదరడమే కాదు, పదార్థం వృథా కూడా కాదు.

ఏడాదికి మొదటి తీపి ఓళిగలు. వేరే చోట్ల బొబ్బట్లు అనే వీటినే కర్నూలు వైపు బక్షాలు అంటారు. అర కిలో శనగబ్యాళ్లను (శనగపప్పును) గంటసేపు నానబెట్టి, నీళ్లు ఎక్కువగానే పోసి, మామూలు గిన్నెలో ఉడికించాలి. కుక్కర్‌లో పని త్వరగా అవుతుంది గానీ, బ్యాళ్లు ఏ దశలో ఉన్నాయో కంటికి కనబడదు కాబట్టి నేను గిన్నెనే మేలంటాను. రెండు వేళ్ల మధ్య నొక్కితే బద్ద మెత్తగా నలగాలి, కానీ గిన్నెలో దాని ఆకారం చెదరకూడదు. ఆ దశలో జల్లెడలోకి వంచి, కట్టు, అంటే ఉడికిన నీళ్లు, పూర్తిగా కారేదాకా ఓపిక పట్టాలి. ఈ కట్టును పారబోయకుండా చింతపండు పులుసు, కొబ్బరి, కారం, కొద్దిగా పూర్ణం చేర్చి చారు కాస్తారు. ఓళిగలు తిన్న తరువాత అన్నంలోకి అంతకన్నా తగినది మరొకటి లేదు.

కారిన బ్యాళ్లలో 450 గ్రాముల తరిగిన బెల్లం వేసి, సన్నని సెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. బెల్లం కరగగానే పూర్ణం పలుచనవుతుంది, తరువాత నెమ్మదిగా బిగుస్తుంది. గరిటె నిలబెడితే పడకుండా నిలిచినప్పుడు దించి, యాలకుల పొడి చేర్చి, వేడి తగ్గకముందే రోట్లో మెత్తగా రుబ్బాలి. మిక్సీ వాడేవారు నీటి చుక్క కూడా వేయకూడదు. పూర్ణం పలుచగా ఉందని పిండి కలిపితే రుచి చచ్చిపోతుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి తడి ఇంకనివ్వడమే సరైన మార్గం. పైపిండికి 300 గ్రాముల మైదాలో చిటికెడు పసుపు, ఉప్పు వేసి, చపాతీ పిండి కన్నా బాగా మెత్తగా కలిపి, పైన ధారాళంగా శనగనూనె పోసి కనీసం రెండు గంటలు నాననివ్వాలి. కొంచెం తీసి లాగితే అది తెగకుండా సాగాలి. పిండి కన్నా పూర్ణం ఎక్కువగా పెట్టి మూసి, నూనె రాసిన అరిటాకు మీద వేళ్లతో పల్చగా తట్టి, పెనం మీద రెండు వైపులా నెయ్యితో కాల్చాలి.

ఉగాది నాడు దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు కూడా వచ్చి, స్వామికి ముస్లిం భార్యగా జనం చెప్పుకునే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా భావించి మొక్కులు చెల్లించుకుంటాయి. అలాంటి ఊళ్లో పండుగ తీపి పొరుగింటికి చేరకుండా ఉండదు కాబట్టి, లెక్కకు ఒక పాతిక ఓళిగలు ఎక్కువే చేయడం మంచిది. మే నెలలో మామిడి బాగా దిగిన తరువాత ఓళిగలను మళ్లీ చేసి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి పండు రసంలో పాలు, బెల్లం కలిపిన సీకరణితో వడ్డిస్తే అది మరో పండుగే.

వానాకాలంలో పాకం పనులు తగ్గించుకోవాలి, ఎందుకంటే బెల్లం తడి గాలిని పీల్చుకుని ఉండలు జిగురుగా మారతాయి. నాగుల పంచమికి నువ్వులు, బెల్లం దంచిన చిమ్మిలి, తడి బియ్యప్పిండితో చలిమిడి, వినాయక చవితికి ఆవిరి మీద కుడుములు చాలు. వీటికి పాకం అక్కర లేదు.

ఖరీఫ్ వేరుశనగ ఇంటికి చేరే కార్తీకంలో అనంతపురం జిల్లాలో శనక్కాయ ఉండలు చేయని ఇల్లు అరుదు. విత్తనాలను సన్నని సెగ మీద లోపలి దాకా వేగనిచ్చి పొట్టు తీయాలి. పాకం చుక్కను చల్లని నీళ్లలో వేసి తీసి, పళ్లెం మీద కొడితే ఖంగుమని మోగాలి. అప్పుడే విత్తనాలు కలిపి, చేతికి నెయ్యి రాసుకుని వేడి మీదే చుట్టాలి.

డిసెంబర్‌లో క్రిస్మస్‌కు జమ్మలమడుగు, నంద్యాల వంటి పాత క్రైస్తవ మిషన్ ఊళ్లలో గులాబీ పువ్వులు, కజ్జికాయలతో పాటు కేక్ కూడా ఉంటుంది. ఓవెన్ లేకపోయినా మందపాటి పాత గిన్నెలో రెండు గ్లాసుల ఉప్పు పరచి, చిన్న స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడి చేయాలి. 200 గ్రాముల మైదా, 150 గ్రాముల చక్కెర పొడి, 120 గ్రాముల వెన్న, మూడు గుడ్లు, ఒకటిన్నర చెంచాల బేకింగ్ పౌడర్ కలిపిన పిండిని వెన్న రాసిన డబ్బాలో సగానికి మించకుండా పోసి, సన్నని సెగ మీద నలభై అయిదు నిమిషాలు ఉంచాలి. మొదటి అరగంటలో మూత తీస్తే మధ్య భాగం కుంగుతుంది. పుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకుండా రావాలి.

సంక్రాంతి అరిసెలకు కిలో బియ్యాన్ని ఒక రోజంతా నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, గాలి తగలకుండా అదిమి మూత పెట్టాలి. 750 గ్రాముల బెల్లాన్ని గ్లాసు నీళ్లలో కరిగించి వడకట్టి మరిగించాలి. నీళ్లలో వేసిన చుక్క వేళ్ల మధ్య మెత్తని ఉండగా నిలిచినప్పుడు దించి, పిండిని కొద్దికొద్దిగా చల్లుతూ ఒకరు, గట్టిగా కలుపుతూ మరొకరు పని చేయాలి. పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. అందుకే అన్నీ వత్తే ముందు ఒక్కదాన్ని వేసి చూడాలి: విడిపోతే పిడికెడు పిండి చేర్చాలి, గట్టిగా వస్తే రెండు చెంచాల వేడి పాలు చల్లి మర్దించాలి. వేగిన అరిసెలను చెక్కల మధ్య నొక్కి నూనె తీసి, పూర్తిగా చల్లారిన తరువాతే డబ్బాలో పెట్టాలి.