పెళ్లి ఫోటోల పనిలో బాకీ పేరుకోకుండా చూసుకోవడం ఎలా

చిన్న ఊళ్లలో స్టూడియో నడిపేవారికి ముహూర్తాల కాలంలో పని దొరకడం కన్నా, చేసిన పనికి పూర్తి డబ్బు చేతికి రావడమే కష్టం. పెళ్లి ముగిసేనాటికి సాధారణంగా సగం సొమ్మే అంది ఉంటుంది. మిగతాది ఆల్బం ఇచ్చినప్పుడు ఇస్తామంటారు. ఆల్బం తయారు కావాలంటే ఇంటివారు ఫోటోలు ఎంపిక చేసి చెప్పాలి. ఆ ఎంపిక నెలల తరబడి సాగుతుంది. వంటవారు, మండపం అలంకరించినవారు, మేళగాళ్లు అక్కడికక్కడే లెక్క తేల్చుకుని వెళ్లిపోతారు కనుక, ఫోటోగ్రాఫర్ వంతు వచ్చేసరికి ఆ ఇంట్లో చేతులు ఖాళీ అయి ఉంటాయి.

కాబట్టి వాయిదాలను ఆల్బంతో ముడిపెట్టకుండా, మన చేతిలో ఉన్న పనులతో ముడిపెట్టాలి. తేదీ ఖాయం చేసుకునే రోజున నాలుగో వంతు, పెళ్లికి వారం ముందు సగం, ఫోటోలన్నీ చూసుకోవడానికి ఇచ్చిన రోజున ఆల్బం ఖర్చు మినహా తక్కిన మొత్తం, అచ్చుకు పంపే ముందు ఆ ఆల్బం ఖర్చు తీసుకునే పద్ధతి చాలావరకు నిలబడుతుంది. ఇందులో చివరిది తప్పనిసరి, ఎందుకంటే ఆల్బం అచ్చువేసే ల్యాబువారు మన దగ్గర ముందే డబ్బు కట్టించుకుంటారు. అది కూడా మనమే పెట్టుకుంటే కష్టమరు పెళ్లికి మనం అప్పు ఇచ్చినట్లే. తెలిసినవారి పెళ్లి అని కాగితం రాసుకోకుండా ఒప్పుకోవడం మన దగ్గర మామూలే గానీ, వివాదాలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

ఆ కాగితం ఒక్క పేజీ ఉంటే చాలు. ఎన్ని రోజులు, ఎందరు మనుషులు, ఎన్ని గంటలు, ఆల్బంలో ఎన్ని పేజీలు అన్న మామూలు వివరాలతో పాటు మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి. ఒకటి, ఎంపిక చేసే వ్యక్తి పేరు: పెళ్లికూతురు ఒక జాబితా, ఆమె మేనమామ మరొక జాబితా పంపితే డిజైనరు పని రెండింతలవుతుంది. రెండు, ఎంపికకు గడువు: నలభై అయిదు రోజులు దాటితే స్టూడియోవారే ఎంచి ఆల్బం పూర్తి చేస్తారని రాయాలి. ఈ ఒక్క వాక్యం ఉంటే నిజంగా అలా చేయవలసిన అవసరం చాలా అరుదుగా వస్తుంది. మూడు, డిజైనులో ఎన్నిసార్లు మార్పులు ఉచితమో రాయాలి. ఇటూ అటూ రెండు కుటుంబాలూ వేర్వేరు ఫోటోగ్రాఫర్లను పెట్టుకున్న పెళ్లి అయితే, జీలకర్ర-బెల్లం వేళ మండపం ముందు ఎవరు ఎక్కడ నిలబడతారో పురోహితుడు రాకముందే రెండో స్టూడియోవారితో మాట్లాడుకోవాలి. పెద్దలు అడ్డుగా నిలిచి తప్పిపోయిన ఫోటోకు కూడా నింద మన మీదకే వస్తుంది.

ధర నిర్ణయించేటప్పుడు ఎక్కువమంది ఆ రోజు ఖర్చులే లెక్కిస్తారు, కెమెరా అరుగుదలను మరిచిపోతారు. కెనాన్ 5డి మార్క్ 4 కెమెరా షట్టరును, అంటే ప్రతి ఫోటోకూ తెరుచుకుని మూసుకునే భాగాన్ని, 1,50,000 క్లిక్కుల మన్నికకు పరీక్షించారు. ఒక పెళ్లికి 3,000 క్లిక్కులు అనుకుంటే అది 50 పెళ్లిళ్ల లెక్క. ఆ తర్వాత వెంటనే పాడవుతుందని కాదు గానీ, కొత్త షట్టరు ఖర్చును 50తో భాగించి ప్రతి కొటేషనులో కలపడం న్యాయం. ఎడిటరుకిచ్చేది, స్టోరేజీకి అయ్యేది కూడా అలాగే కలపాలి. సెకనుకు 100 మెగాబిట్ల (ఎంబీపీఎస్) వేగంతో తీసే 4కె వీడియో గంటకు సుమారు 45 జీబీ తింటుంది. దానికి రెండో కాపీ ఉండాలి, ఆ రెండోది వేరే చోట ఉండాలి. రెండు కార్డు స్లాట్లు ఉన్న కెమెరా అయితే రెండింటిలోనూ ఒకేసారి రాసేలా పెట్టుకోవాలి. తలంబ్రాలు మళ్లీ పోయించలేము కదా.

ఆదాయం ఏడాది పొడవునా సమంగా రాదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. వాటికి గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనిపించకుండా పోయే మౌఢ్యాలు తోడవుతాయి, అప్పుడూ ముహూర్తాలు ఉండవు. 2025 నవంబరు చివర మొదలైన శుక్రమౌఢ్యం 2026 ఫిబ్రవరి మధ్య దాకా సాగింది. అద్దె, కెమెరా వాయిదా మాత్రం ఆ నెలల్లోనూ ఆగవు. అందువల్ల ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముహూర్తాలు లేని వారాలను క్యాలెండరులో గుర్తించి, బ్యాంకు వాయిదా మొత్తాన్ని ఆ వారాలను చూసి నిర్ణయించుకోవాలి, వైశాఖ మాసపు రాబడిని చూసి కాదు. పాస్‌పోర్టు ఫోటోలు, స్కూలు గ్రూపు ఫోటోలు చిన్న పనులే అయినా అద్దె వరకు గట్టెక్కిస్తాయి.

చట్టం సంగతులు కొన్ని ముందే తెలిసి ఉండాలి. సేవల వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు, ఫోటోగ్రఫీ మీద పన్ను 18 శాతం. ఆ పన్ను అదనమా కాదా అన్నది కొటేషనులోనే రాయాలి. 250 గ్రాములు మించిన డ్రోనును వ్యాపారానికి ఎగరేసేవారికి 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి కనుక, డ్రోన్ మనిషిని బయటనుంచి పిలిచినా ఆ కాగితం చూసి పిలవాలి. చాలామందికి తెలియనిది మరొకటి ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. పెళ్లికూతురి ఫోటోను మన ఇన్‌స్టాగ్రాం పేజీలో గానీ, స్టూడియో బోర్డు మీద గానీ పెట్టుకోవాలంటే ఒప్పందంలో అందుకు అనుమతి రాయించుకోవాలి. కొందరు అమ్మాయిల ఇళ్లవారు ఇందుకు ఇష్టపడరు, వారి సంతకం దగ్గర ఆ పంక్తిని కొట్టివేయడానికి సిద్ధంగా ఉండాలి.

ఆల్బం, పెన్‌డ్రైవు అప్పగించేటప్పుడు అందినట్లు సంతకం తీసుకుని, మన దగ్గరి కాపీని ఎంతకాలం ఉంచుతామో ఆ రసీదు మీదే తేదీతో రాయాలి. ఆరు నెలలు ఉంచడం చాలు. ఆ తేదీకి పది రోజుల ముందు వాట్సాప్‌లో ఒక్క మాట తెలియజేసి, తర్వాత ఆ డిస్కును తుడిచి రాబోయే పెళ్లికి వాడుకోవచ్చు.