పాత కప్పు, కొత్త కానుక – 4వ పాఠం: కప్పును చెవితో చూడటం

పోయిన పాఠంలో కప్పులు కడిగి, టీ మరకలు వదిలించి ఆరబెట్టాం. ఇవాళ వాటిలో ఒకదాన్ని కొవ్వొత్తిగా మారుద్దాం. మైనం కరిగించే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది.

కప్పును అరచేతిలో నిలబెట్టి, అంచును గోటితో మీటండి. ఖంగుమని మోగి ఆ మోత కాస్త సాగితే కప్పు బాగున్నట్టే. టప్పుమని అక్కడే ఆగిపోతే, కంటికి కనపడకపోయినా ఎక్కడో బీట ఉందని అనుమానించాలి. మొదట్లో నేనిది పట్టించుకోలేదు. గులాబీల బొమ్మకు ముచ్చటపడి ఒక కప్పులో వేడి మైనం పోశాను. తెల్లారి చూస్తే మైనం సాసరులోకి కారి, కప్పును దానికి అతికించేసింది!

ఈ పరీక్ష పింగాణీకి, బోన్ చైనాకే. మందపాటి మట్టి కప్పులు బాగున్నా మొద్దుగానే మోగుతాయి. బోన్ చైనాలో దాదాపు సగం ఎముకల బూడిదే. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అవతలి వేళ్ల నీడ కనిపిస్తుంది. పైపూతలో సాలెగూడులాంటి సన్నని గీతలుంటే ఆ కప్పును మైనానికి వాడొద్దు. ఉంగరాలు తీసి పెట్టుకునే గిన్నెగా ఇచ్చేయండి.

ఇక కొలత. అంచుకు ఒక సెంటీమీటరు కింది దాకా నీళ్లు పోసి, ఆ నీళ్లను తూచండి. 150 గ్రాములు వస్తే సోయా మైనం సుమారు 130 గ్రాములు పడుతుంది. సువాసన నూనె అందులో 6 శాతం, అంటే 8 గ్రాములు చాలు. చిక్కంతా వత్తి దగ్గరే. టీకప్పు పైన వెడల్పు, అడుగున ఇరుకు. పై వెడల్పుకు సరిపోయే లావు వత్తి పెడితే, మంట కిందికి దిగాక కప్పు మరీ వేడెక్కిపోతుంది. అందుకే సగం ఎత్తులో వెడల్పు కొలిచి ఆ లెక్కన వత్తి తీసుకోండి. మొదట అంచున కొంచెం మైనం మిగిలిపోయినా కంగారు పడకండి. ఒకటి మీరే చివరిదాకా వెలిగించి చూశాకే మిగతావి చేయండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి, కొవ్వొత్తి అయిపోయాక ఆ కప్పులో టీ తాగొద్దని చీటీ మీద రాయడం మరవొద్దు.

ఇప్పుడు వీటిని అమ్మే చోటు. ఇందాకటి మోత కొనేవాళ్లకూ వినపడాలి. దుకాణం అంత నిశ్శబ్దంగా ఉంటేనే వాళ్లు కప్పును చేతిలోకి తీసుకుంటారు. అలమర గాజుదైతే పెట్టినప్పుడల్లా చప్పుడే. చెక్క మీద మందపాటి నూలుగుడ్డ పరవండి. ఒక్కో అరలో మూడు నాలుగు కప్పులు చాలు, మధ్యలో ఖాళీ ఉండనివ్వండి. నడిచే దారి కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి. భుజాన సంచీ ఉన్న మనిషి గాజుసామాను మధ్య పడే టెన్షన్ మీకు తెలిసిందే కదా. 2700 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) పసుపు వెలుగు బల్బులు పెట్టండి. సువాసన రకాలు ఎన్ని ఉన్నా, ఒకసారి ఒక్కటే వెలిగించండి.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి. మీ దుకాణంలోనో, సరుకు పెట్టిన గదిలోనో ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. వినపడిన ప్రతి చప్పుడూ రాసుకుని ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. 5వ పాఠం దాంతోనే మొదలవుతుంది.