గోడ మీద పనిముట్లు, 3వ పాఠం: ఏటవాలు బద్దలు కొయ్యడం, బిగించడం

పోయిన పాఠంలో సామానంతా నేల మీద పరిచి చూసుకోమన్నా కదా, అది అయిందనుకుని ఇవాళ కోతలోకి దిగుదాం. ఫ్రెంచ్ క్లీట్ అని పేరు గంభీరంగా ఉంది గానీ విషయం చిన్నదే, 45 డిగ్రీలు ఏటవాలుగా కోసిన బద్ద ఒకటి గోడకి, దాని జత బద్ద మనం తగిలించే పెట్టె వీపుకి, అంతే. మేకు కొట్టి తగిలిస్తే ఆ సుత్తికి అదే చోటు, దీంట్లో అయితే ఎత్తి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా సింగ్‌నగర్ ఇంట్లో కింద అరలో ఉన్న ఉలులు, చిత్రిక బురదలో నానిపోయాయి, అప్పట్నుంచి నా గోడకి అన్నిటికన్నా కింది బద్ద నాలుగడుగుల ఎత్తులోనే.

18 ఎం.ఎం. ప్లైవుడ్ తీసుకోండి. పొడి గోడకి ఎంఆర్ గ్రేడ్ (ఇంట్లో వాడే మామూలు రకం) చాలు, వానాకాలం చెమ్మ పట్టే గోడైతే ఐఎస్ 710 ముద్ర ఉన్నది (నీటిని తట్టుకునే మెరైన్ రకం). 8 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పుతో మూడు బద్దలు కోసి, ఒక్కోదాన్ని గుండ్రటి బ్లేడున్న కోత మిషన్ 45 డిగ్రీలకి వంచి నిలువునా మధ్యకి కొయ్యండి, ఒక్క కోతకే జత వచ్చేస్తుంది. వంచి కోసేటప్పుడు 18 ఎం.ఎం. చెక్కకి బ్లేడు 25 ఎం.ఎం. పైనే దిగాలి, అది చూసుకోకపోతే కింది పొర తెగదు. మేస్త్రీలు వాడే అల్యూమినియం బద్దని క్లాంపుతో బిగించి దాని వెంబడే పోనివ్వండి, వంకర ఒక్కసారి వచ్చిందంటే మళ్లీ సరికాదు. మిషన్ లేకపోతే సామిల్లులో కోయించుకోండి, నామోషీ ఏం లేదు. వచ్చిన ఆరింటినీ 6 అడుగులకి తెగ్గొడితే ఐదు గోడకి, ఆరోదీ మిగిలిన రెండడుగుల ముక్కలూ పెట్టెలకి.

ఇక్కడ అందరూ తప్పు చేస్తారు, నేనూ చేశా. గోడ బద్దకి కోసిన అంచు పైకి ఉండాలి, ఆ వాలు గోడ వైపు దిగాలి, అంటే గోడకీ బద్దకీ మధ్య చిన్న కాలవలా కనబడాలి. నేను తిరగేసి బిగించి డ్రిల్ పెట్టె తగిలించా, చెయ్యి తీసేలోపే కాలి పక్కన పడింది, అప్పుడు మా ఆవిడ నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. పెట్టె బద్ద దీనికి తలకిందులు, పదును అంచు కిందికి, గోడ వైపు. బరువు పెరిగేకొద్దీ వాలు పెట్టెని గోడకే లాక్కుంటుంది.

విదేశీ వీడియోల్లో గోడ తట్టి లోపల చెక్క వెతుకుతారే, మనకా బాధ లేదు, ఇటుక గోడ. కాకపోతే స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైకీ కిందకీ బెజ్జం వెయ్యొద్దు, లోపల కరెంటు పైపు ఉంటుంది. రసమట్టం పెట్టి గీత గీసుకుని అడుగున్నరకి ఒక బెజ్జం, 8 ఎం.ఎం. బిట్టు. ముందు బూడిద రంగు పొడి వస్తుంది, అది ప్లాస్టరింగు, ఎర్రపొడి మొదలైతే ఇటుక తగిలినట్టు. కొత్త ఇళ్లలో ఈ గుర్తు పనిచెయ్యదు, బూడిద ఇటుకలకి రెండు పొడులూ ఒకే రంగు, చేతికి తగిలే గట్టిదనాన్ని బట్టే తెలుసుకోవాలి. బెజ్జంలో స్క్రూని పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్ ఇటుకలో కూర్చోవాలి, ప్లాస్టర్లో నిలబడితే బద్ద పెచ్చుతో సహా ఊడొస్తుంది, అందుకే స్క్రూ మూడంగుళాలది. బద్దకీ బద్దకీ మధ్య ఎనిమిది అంగుళాలు వదిలితే చాలు.

పెట్టె బద్ద పదును అంచుని ఒక 3 ఎం.ఎం. చిత్రిక పట్టండి, గోడ బద్ద వెనకున్న కాలవలో రంపప్పొడి చేరితే పెట్టె పైకి తేలి ఊగుతుంది. పెట్టె అడుగున వెనక 18 ఎం.ఎం. ముక్క ఒకటి కొట్టకపోతే ముక్కు కిందికి వాలుతుంది.

వచ్చేవారం డ్రిల్ మిషన్ గూడు చేద్దాం, ఆ రెండడుగుల ముక్కలు పొయ్యిలోకి పోకుండా చూసుకోండి.