కారు మీద ఎండిపోయిన పురుగులు: రంగు చెడకుండా తీయడం ఎలా?

అక్టోబరులో, వరి ఈనే రోజుల్లో, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా రావులపాలెం వైపు చీకటి పడ్డాక కారు నడిపితే ముందు అద్దం మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. అవి పురుగులు. పచ్చదీపపు పురుగులు, సుడిదోమ లాంటివి వెలుగు చూసి పొలాల్లోంచి లేస్తాయి, మనం హెడ్‌లైట్లు వేసుకుని వాటికి ఎదురెళ్తాం. తొలకరికి ఉసిళ్లు లేచినప్పుడూ ఇంతే. ఇల్లు చేరేసరికి బంపరు, బోనెట్ అంచు, సైడు అద్దాల డొప్పలు అన్నీ మచ్చలే.

నేను చూసినంతవరకు పురుగుల కంటే గిన్నెలు తోమే స్క్రబ్బరే ఎక్కువ కార్లను పాడుచేసింది. మా నల్ల కారుకి ఆ పని చేసింది నేనే.

మచ్చలు ఇంకా మెత్తగా ఉన్నాయి

అదృష్టం. ఆ రాత్రే, లేదా తెల్లారి ఎండ ఎక్కకముందే పైపుతో నీళ్లు కొట్టి, కారు షాంపూ కలిపిన నీళ్లలో ముంచిన మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే పోతాయి.

రాయిలా ఎండిపోయాయి, నీళ్లు పోసినా కదలట్లేదు

పురుగు ఒంట్లో ఉండే రసంలో మాంసకృత్తులు ఉంటాయి. వేడెక్కిన బోనెట్ మీద అది పెనం మీద గుడ్డులా గట్టిపడుతుంది. పైన రెక్కలు, కాళ్లు, గట్టి పెంకు. ఆ స్థితిలో రుద్దితే ఆ పెంకు ముక్కలే ఉప్పుకాగితంలా పనిచేస్తాయి.

పప్పు ఎండిన గిన్నెను ఎవరూ పొడిగా తోమరు, ముందు నీళ్లు పోసి పక్కన పెడతారు. ఇక్కడా అంతే. కారును నీడలో పెట్టి, బోనెట్ చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగండి. పాత టర్కీ తువ్వాలును గోరువెచ్చని షాంపూ నీళ్లలో ముంచి, కొద్దిగా పిండి, మచ్చల మీద పరవండి. పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. ఆరుతోందనిపిస్తే మళ్లీ తడపండి. తీశాక నీళ్లు కొట్టి, మిగిలినవాటిని గుడ్డతో ఒకే దిక్కున, బరువు వేయకుండా తుడవండి. గుండ్రంగా తిప్పొద్దు. గుడ్డను నాలుగు మడతలు వేసి, ప్రతి తుడుపుకీ శుభ్రమైన మడత తిప్పుకోండి.

ఇంకా ఉంటే మళ్లీ నానబెట్టడమే. మూడోసారికి కూడా రాని మొండివాటికి కార్ల కోసమే అమ్మే బగ్ రిమూవర్ స్ప్రే ఉంది. కొట్టి, డబ్బా మీద రాసినంతసేపే ఉంచి, ఆరిపోకముందే నీళ్లతో కడిగేయాలి. అది ఎండలో ఆరితే దాని మచ్చ ఒకటి కొత్తగా తయారవుతుంది.

చివర్లో కారును పొడి గుడ్డతో ఆరబెట్టడం మరవొద్దు. బోరు నీళ్లు వాటంతట అవే ఆరితే తెల్ల చుక్కలు మిగులుతాయి, పురుగుల బదులు వాటితో కుస్తీ పట్టాలి.

ఓపిక అయిపోయింది, ఇంట్లో ఉన్నదేదో వాడాలనిపిస్తోంది

థిన్నర్ అసలు వద్దు. గతంలో డెంటింగ్, పెయింటింగ్ చేయించిన భాగమైతే గుడ్డకి రంగే ఊడి రావచ్చు. పెట్రోలు, కిరోసిన్ రంగు మీద ఉన్న వాక్స్‌ని, అంటే రక్షణగా పూసే మైనపు పూతని, కడిగేస్తాయి, నిప్పుతో ప్రమాదం కూడా. నిమ్మచెక్క, వెనిగర్ గురించి వీడియోలు చాలా ఉన్నాయి. కుళ్లే పురుగు రసంలో ఆమ్లం ఎలాగూ ఉంది, దానికి మనం ఇంకాస్త పులుపు కలపడం ఎందుకు? గిన్నెల సబ్బు నీళ్లు ఒకసారికి ఫరవాలేదు, కానీ వాక్స్ పోతుంది, దాన్ని మళ్లీ పట్టించాలి.

ఫ్లోరిడాలో ఉన్న మనవాళ్లు బట్టల డ్రయ్యర్‌లో వేసే షీట్ తడిపి రుద్దమంటారు. అక్కడ ఏటా రెండుసార్లు, మే నెలలోనూ సెప్టెంబరులోనూ, లవ్‌బగ్స్ అనే జంట పురుగులు రోడ్ల మీద ముసురుకుంటాయి. ఆ షీట్‌తో మరక వదులుతుంది నిజమే, కానీ అది గరుకు. నేనైతే వాడను.

పురుగు పోయింది, దాని ముద్ర ఉండిపోయింది

రంగు మీద పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, క్లియర్ కోట్. మామూలుగా 40, 50 మైక్రాన్ల మందం, అంటే తలవెంట్రుక కంటే పలుచన. పురుగు రోజుల తరబడి ఎండలో ఉంటే దాని ఆమ్లం ఈ పొరను తినేస్తుంది. కడిగి ఆరబెట్టాక కూడా పురుగు ఆకారంలో మసక మచ్చ కనిపిస్తే అదే.

మచ్చ మీద గోరు మెల్లగా పోనివ్వండి. గోరు ఎక్కడా తగులుకోకపోతే లోతు తక్కువే. సన్నరకం పాలిష్ చిటికెడు తీసుకుని, స్పాంజి ప్యాడ్‌తో ఆ చోటు వరకే తేలిగ్గా రుద్ది, తుడిచి, చూడండి. పోతే ఆపేయండి, ఇంకా మెరవాలని సాగదీయొద్దు. పాలిష్ అంటేనే ఆ పొరను కాస్త అరగదీయడం, అరిగింది తిరిగి రాదు. గోరు తగులుకుంటే మాత్రం మెషిన్ పాలిషింగ్ తెలిసిన డీటెయిలింగ్ షాపుకి వెళ్లండి. అక్కడ రంగు పొర మందం కొలిచే మీటరు ఉందా అని ముందే అడగండి. మ్యాట్ (మెరుపు లేని) రంగు కారుకి ఇంట్లో పాలిష్ పనికిరాదు, ఆ ఒక్క చోటే నిగనిగలాడుతూ ఉండిపోతుంది.

ఎండలో చూస్తే సాలెగూడులాంటి గీతలు

ఇది మన చేతి పనే: పొడి గుడ్డ, స్క్రబ్బర్, పెట్రోలు బంకు దగ్గర దుమ్ముగుడ్డతో తుడిపించడం. ముదురు రంగుల మీద బాగా కనిపిస్తాయి. నా కారువి పాలిష్‌తో ముప్పావు వంతు పోయాయి, మిగతావాటితో కాపురం చేస్తున్నాను.

ముందు అద్దం జిడ్డుగా అలుక్కుపోయింది

రాత్రి నడుపుతూ కంగారులో వైపర్ వేస్తే జరిగేది ఇదే. ముందు నీళ్లు బాగా చిమ్మనిచ్చి, తర్వాతే వైపర్ తిప్పాలి. అలుక్కుపోతే బండి పక్కకు తీసి తడిగుడ్డతో తుడవండి, వైపర్ రబ్బరు అంచును కూడా తుడవండి, జిడ్డంతా అక్కడే ఉంటుంది. హెడ్‌లైట్లు గాజు అనుకుని బ్లేడుతో గీకొద్దు, అవి ప్లాస్టిక్.

ఏసీ చల్లదనం తగ్గింది

గ్రిల్ లోపలికి టార్చి కొట్టి చూడండి. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కల మధ్య పురుగులు దట్టంగా పట్టేస్తే గాలి ఆడదు. ఇంజన్ చల్లారాక మామూలు పైపుతో మెల్లగా కడగాలి. వాటర్ సర్వీసింగ్ వాళ్ల ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ పలుచటి రెక్కలు వంగిపోతాయి.

వచ్చే ప్రయాణానికి ముందు

బంపరుకి, బోనెట్ ముందు భాగానికి వాక్స్ పట్టిస్తే పురుగులు రంగుకి నేరుగా అంటుకోవు, కడగడం సగం తేలిక. మామూలు వాక్స్ ఒకటి రెండు నెలలు ఉంటుంది. కోతల ముందు ఒకసారి, తొలకరికి ఒకసారి పట్టిస్తున్నాను. డిక్కీలో నీళ్ల స్ప్రే సీసా ఒకటి, మైక్రోఫైబర్ గుడ్డలు రెండు పెట్టుకున్నాను. రావులపాలెంలో టీకి ఆగినప్పుడు బంపరు మీద నీళ్లు చిమ్మి వెళ్తే, టీ తాగొచ్చేసరికి సగం మచ్చలు మెత్తబడి ఉంటాయి.