ఎడారి తాబేలు పిల్లను ఎండిపోకుండా పెంచడం ఎలా

ఈ పిల్లలకు ఎక్కువ చేటు చేసేది వాటి పేరులో ఉన్న ‘ఎడారి’ అన్న మాటే. అది విని పెట్టెలో పొడి ఇసుక పోస్తారు, నెత్తిన వేడి బల్బు వేలాడదీస్తారు, ‘దీనికి నీళ్లు అక్కర్లేదులే’ అనుకుంటారు. నిజానికి ఉత్తర అమెరికాలోని మొహావీ, సోనోరా ఎడారుల్లో పుట్టిన పిల్ల రోజులో ఎక్కువ భాగం బొరియలోనో పొద కిందో గడుపుతుంది. బయట నిప్పులు చెరుగుతున్నా బొరియ లోపలి గాలి చల్లగా, చెమ్మగా ఉంటుంది. అప్పుడే పుట్టిన పిల్ల పొడవు సుమారు 2 అంగుళాలు, బరువు 20 నుంచి 30 గ్రాములు. పెద్ద తాబేలు మూత్రాశయంలో నీరు నిలవ చేసుకుని నెలల తరబడి నెట్టుకొస్తుంది. ఇంత చిన్న ఒంట్లో ఆ నిలవ ఎంతని ఉంటుంది? అందుకే కింద చెప్పే పనుల్లో సగానికి పైగా నీటి చుట్టూనే తిరుగుతాయి.

ముందు కాగితాల సంగతి

ఎడారి తాబేళ్లను కొనడం, అమ్మడం, ఎడారి నుంచి ఎత్తుకు రావడం కుదరదు. మొహావీ జాతి 1990 నుంచి అమెరికా ఫెడరల్ చట్టం కింద ‘ముప్పులో ఉన్న’ జాబితాలో ఉంది. కాలిఫోర్నియాలో పెంచుకోవాలంటే ఆ రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పర్మిట్ కావాలి. అరిజోనాలో గేమ్ అండ్ ఫిష్ శాఖ దత్తత కార్యక్రమం ద్వారా తీసుకోవాలి. అరిజోనా, నెవాడా రెండూ ఇళ్లలో వీటిని పిల్లలు పెట్టించడాన్ని నిషేధించాయి. ఒక రాష్ట్రంలో దత్తత తీసుకున్నదాన్ని ఇల్లు మారుతున్నామని కారులో వేసుకుని ఇంకో రాష్ట్రానికి పట్టుకుపోకూడదు. దారిలో ఒంటరిగా కనబడింది కదా అని జాలిపడి ఇంటికి తేవడం కూడా నేరమే. అది తప్పిపోలేదు. ఈ తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి, పిల్లలు మొదటి రోజు నుంచీ ఒంటరివే.

పెట్టె, మట్టి

గాజు అక్వేరియం వద్దు. అవతల కనబడుతున్న చోటికి ఎందుకు పోలేకపోతున్నదో పిల్లకు అర్థం కాదు, రోజంతా గాజును గీరుతూ అలసిపోతుంది. అవతలికి చూపు ఆనని ప్లాస్టిక్ తొట్టిగానీ చెక్క పెట్టెగానీ తీసుకోండి. ఒక్క పిల్లకు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గోడలు ఉంటే మొదటి రెండేళ్లకు సరిపోతుంది.

అడుగున 3 నుంచి 4 అంగుళాల మందాన మామూలు తోట మట్టి పోయండి. కొంచెం కొబ్బరి పొట్టు కలిపితే చెమ్మ నిలుస్తుంది. ఎరువు కలిపిన మట్టి, తెల్లటి పెర్లైట్ గింజలున్న కుండీ మట్టి పనికిరావు. ఆ గింజలను పిల్లలు తిండి అనుకుని మింగుతాయి. ఉత్త ఇసుక, గులకరాళ్లు, వాల్‌నట్ పెంకుల పొడి, పిల్లుల మరుగుకు వాడే గింజలు కూడా ఆకుతోపాటు లోపలికి పోయి పేగులో గడ్డకడతాయి. దేవదారు, పైన్ చెక్క పొట్టు ఘాటు ఊపిరితిత్తులకు పడదు.

మట్టి పైపొర పొడిగా, అడుగు చెమ్మగా ఉండాలి. అడుగు మట్టిని గుప్పెట్లో పట్టి నొక్కండి. ముద్ద కట్టాలి, నీటి చుక్క మాత్రం కారకూడదు. పైపొర కూడా ఎప్పుడూ తడిగా ఉంటే కడుపు వైపు డిప్ప కుళ్లుతుంది. కాబట్టి నీళ్లు పైన చిలకరించకుండా ఒక మూల నుంచి పోయండి, అడుగుకు దిగుతాయి.

చల్లగా ఉండే కొసన ఒక మట్టి కుండీని పడుకోబెట్టి సగం దాకా పూడ్చండి. అదే బొరియ. దాని లోపలి మట్టిని రోజు విడిచి రోజు తడపండి. పిల్ల రాత్రంతా అక్కడే పడుకుంటుంది, ఆ గంటల్లోనే డిప్పకు కావలసిన చెమ్మ అందుతుంది. ఈ ఒక్క ఏర్పాటు లేకపోవడం వల్లే చాలా పెంపుడు తాబేళ్ల డిప్ప పలకలు గోపురాల్లా పైకి పొడుచుకొస్తాయి. పలకల అంచుల్లో కొత్త పొర పుడుతున్నప్పుడు గాలి మరీ పొడిగా ఉంటే ఆ పొర పక్కకు పరుచుకోక పైకి లేస్తుంది. ఒకసారి లేచిన గోపురం మళ్లీ చదును కాదు. చెమ్మ సరిచేస్తే ఇక ముందు పెరిగే భాగం మాత్రం నునుపుగా వస్తుంది.

వేడి, వెలుతురు

ఒక కొసన వేడి బల్బు, రెండో కొసన చల్లదనం, ఎక్కడ ఉండాలో పిల్ల తేల్చుకుంటుంది. బల్బు కింద, పిల్ల వీపు తగిలే ఎత్తులో 95 ఫారెన్‌హీట్ (35 సెల్సియస్) ఉండాలి. చల్లటి కొసన 75 నుంచి 80 (24 నుంచి 27 సెల్సియస్) చాలు. రాత్రి 70 (21 సెల్సియస్) కంటే దిగనివ్వకండి. గోడకు అంటించే థర్మామీటర్ గాలి వేడిని చెబుతుందే తప్ప పిల్ల వీపు మీద పడే వేడిని చెప్పదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను బల్బు కింది మట్టి మీదకు గురిపెట్టి కొలవండి.

కరెంటుతో వేడెక్కే రాయి కొనకండి. ఈ జీవులకు వేడి పైనుంచి రావడమే తెలుసు. కింద కాలుతున్నా కదలకుండా కూర్చుని కడుపు కాల్చుకుంటాయి.

వేడి బల్బుతోపాటు యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) దీపం తప్పనిసరి. అది లేకపోతే చర్మంలో విటమిన్ డి3 తయారవదు, డి3 లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు చేరదు. ట్యూబు రకం మంచిది, వెలుతురు పెట్టె పొడవునా పరుచుకుంటుంది. ఎంత ఎత్తున వేలాడదీయాలో తయారీదారు డబ్బా మీద రాస్తాడు, ఆ కొలత పాటించండి. దీపానికీ పిల్లకూ మధ్య గాజుగానీ ప్లాస్టిక్‌గానీ ఉంటే యూవీబీ దాదాపు అంతా ఆగిపోతుంది. కిటికీ గాజు గుండా వచ్చే ఎండ కూడా అంతే, కంటికి వెలుతురే తప్ప ఎముకకు ఉపయోగం లేదు. దీపాన్ని 12 నెలలకోసారి మార్చండి. యూవీబీ తగ్గిపోయాక కూడా అది ఎప్పటిలాగే వెలుగుతుంది, అందుకే చాలామంది పాత దీపంతోనే ఏళ్లు గడిపేస్తారు. టైమర్ పెట్టి రోజుకు 12 గంటలు వెలిగిస్తే చాలు, రాత్రి చీకటి కావాలి.

ఆరుబయట

ఏ దీపమూ ఎండకు సాటి రాదు. గాలి వేడి 75 నుంచి 95 ఫారెన్‌హీట్ మధ్య ఉన్న రోజుల్లో, పొద్దున్నే గంట రెండు గంటలు బయట వదలండి. ప్లాస్టిక్ తొట్టినో గాజు పెట్టెనో అలాగే ఎండలో పెట్టకండి. నిమిషాల్లో అది పొయ్యి మీది గిన్నె అవుతుంది. బయటి ఆవరణలో సగం ఎప్పుడూ నీడలో ఉండాలి, పైగా నీడ గంటగంటకూ జరుగుతుందని గుర్తుంచుకోవాలి.

ఆవరణకు పైన కూడా తీగ వల బిగించాలి. మెత్తటి డిప్ప ఉన్న పిల్లను కాకి జాతి రేవెన్ పక్షి ముక్కుతో పొడిచి తినేస్తుంది. ఎలుకలు, నిప్పు చీమలు, ఇంటి కుక్క కూడా శత్రువులే. ఎంత సాధు కుక్క అయినా సరే, దాని లెక్కలో తాబేలు నడిచే ఎముక. గోడలు నేలలోకి కనీసం 6 అంగుళాలు దిగాలి. లోపల నిటారు రాళ్లు, మెట్లు ఉండకూడదు. పిల్ల ఎక్కబోయి వెల్లకిలా పడుతుంది, ఎండలో వెల్లకిలా పడ్డ పిల్ల తిరగబడలేకపోతే కాసేపట్లోనే చచ్చిపోతుంది.

నీళ్లు

మొదటి ఏడాది రోజూ ఒకసారి, 15 నుంచి 20 నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టాలి. నిటారు గోడలున్న చిన్న డబ్బా తీసుకోండి. నీటి లోతు పై డిప్పా కింది డిప్పా కలిసే గీత దాకా రావాలి, తల ఎత్తకుండానే గడ్డం మునగాలి, అంతకు మించకూడదు. వీటికి ఈత రాదు. నీళ్లు చల్లారితే మార్చండి. పిల్ల ముక్కు ముంచి గొంతు ఎగదోస్తూ ఉంటే తాగుతోందన్నమాట. చాలాసార్లు అందులోనే విసర్జిస్తుంది కాబట్టి ఆ డబ్బాను వంటింటి సింకులో కడగకండి, మనుషులకు విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉండవచ్చు. పిల్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

నీళ్లలో వదిలిన తెల్లటి పదార్థాన్ని వేలితో నలిపి చూడండి. అసహ్యమనిపించినా ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంట్లో లేదు. అది యూరేట్, అంటే మూత్రంతో పోయే వ్యర్థం. టూత్‌పేస్టులా మెత్తగా ఉంటే నీరు సరిపోతోంది. ఇసుకలా గరగరలాడితే ఒళ్లు ఎండుతోంది. అలాగే వదిలేస్తే మూత్రాశయంలో రాయి కడుతుంది, అది ఆపరేషన్ దాకా పోతుంది.

దీంతోపాటు పెట్టెలో ఎప్పుడూ ఒక పలచటి మట్టి పళ్లెం ఉండాలి. దాని అంచు నేలకు సమంగా ఉండేలా పాతండి. లోతు అర అంగుళం మించకూడదు.

ఇంకో మాట. భయపడ్డ తాబేలు దాచుకున్న నీరంతా ఒక్కసారిగా వదిలేస్తుంది. వచ్చిన చుట్టాలందరి చేతుల్లోకీ అందించే బొమ్మ కాదది.

తిండి

పచ్చిక, కలుపు మొక్కలు, పూలు. ఎడారిలో అది తినేది ఇదే, ఇంట్లో పెట్టవలసిందీ ఇదే. గరిక (అమెరికాలో బెర్ముడా గడ్డి అంటారు), డాండిలయన్ ఆకు పువ్వు, గ్లోబ్ మాలో, మందార ఆకులు పూలు, మల్బరీ ఆకు, ద్రాక్ష ఆకు, గులాబీ రేకులు, నాగజెముడు మట్టలు. నాగజెముడు పెద్ద ముళ్లు కనబడతాయి కాబట్టి తీసేస్తాం. బాధపెట్టేవి వాటి మొదట్లో గుత్తులుగా ఉండే నూగు ముళ్లు. మంట మీద తిప్పి కాల్చి, కడిగి, సన్నగా తరిగి పెట్టండి.

రోజూ ఉదయం, ఒళ్లు వేడెక్కాక, దాని డిప్పంత కుప్ప పెడితే చాలు. కనీసం నాలుగైదు రకాలు కలిపి, చిన్న ముక్కలుగా చేసి, కొద్దిగా నీళ్లు చిలకరించండి. ఒకే రకం పెడితే దానికే అలవాటు పడి మిగతావి ముట్టదు. చదునైన నాపరాయి మీద పెడితే మట్టి నోట్లోకి పోదు, కొరికినప్పుడల్లా ముక్కు అంచు కూడా అరుగుతుంది. వారానికి రెండు మూడుసార్లు భాస్వరం లేని కాల్షియం కార్బొనేట్ పొడి చిటికెడు చల్లండి. తిండి మొత్తంలో భాస్వరానికి కనీసం రెట్టింపు కాల్షియం ఉండాలన్నది లెక్క.

పండ్లు పెట్టకండి. చక్కెర పేగులోని సూక్ష్మజీవులను తారుమారు చేసి విరేచనాలు పట్టిస్తుంది. నాగజెముడు పండు ఎప్పుడైనా ఒక ముక్క ఫరవాలేదు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. ఐస్‌బర్గ్ లెట్యూస్ ఉత్త నీరే. అన్నం, రొట్టె, బఠానీలు, పప్పులు, కుక్క బిస్కెట్లు, మాంసం ఏవీ వద్దు. మాంసకృత్తులు ఎక్కువైతే పిల్ల గబగబా పెరిగి చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ మూత్రపిండాలు చెడతాయి. గన్నేరు, తురక వేప విషం, ఆ చెట్ల ఆకు రాలే చోటికి కూడా పోనివ్వకండి. మందు కొట్టిన పచ్చిక అసలే వద్దు.

గుడ్డు నుంచి వచ్చిన కొత్తలో కడుపు కింద పచ్చసొన సంచి వేలాడుతుంటే పీకకండి. తడి పేపర్ టవల్ మీద ఉంచితే అదే లోపలికి ఇంకిపోతుంది. అంతదాకా, ఆ తర్వాత మరికొన్ని రోజులు కూడా తినకపోయినా కంగారు లేదు.

తూకం, డిప్ప

గ్రాములు చూపే తక్కెడ మీద వారానికోసారి, అదే రోజు, నీళ్లలో పెట్టకముందు తూచి రాసుకోండి. నెమ్మదిగా పెరగాలి. రెండు మూడు వారాలు వరుసగా తగ్గితే ఏదో తేడా ఉంది. కొత్తగా పుట్టిన పిల్ల డిప్ప మన గోరులా కొంచెం వంగుతుంది, పూర్తిగా గట్టిపడటానికి ఐదేళ్లు పట్టవచ్చు. అది సహజం. గట్టిపడుతూ వచ్చిన డిప్ప మళ్లీ మెత్తబడినా, దవడ రబ్బరులా వంగినా, కాళ్లు ఈడ్చినా ఎముకల జబ్బు మొదలైంది. దీపాన్నీ కాల్షియాన్నీ తనిఖీ చేయండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. డిప్పకు రంగు, వార్నిష్, నూనె పూయకూడదు.

చలికాలం

ఒంట్లో ఆరోగ్యం ఉన్న పిల్ల చలికాలంలో తిండి లేకుండా వారాల తరబడి నిద్రపోవచ్చు. జబ్బుగా ఉన్నదాన్నీ, బరువు తక్కువున్నదాన్నీ లోపల వెచ్చగా ఉంచి తినిపిస్తూనే ఉండాలి. మొదటి చలికాలం 6 నుంచి 8 వారాలు చాలు.

నిద్రకు రెండు వారాల ముందు తిండి ఆపండి, నీళ్లలో కూర్చోబెట్టడం మాత్రం ఆపకండి. పేగులో మిగిలిన తిండి చలిలో అరగక కుళ్లుతుంది. తర్వాత చిన్న అట్టపెట్టెలో మట్టి, చింపిన కాగితాలు వేసి పిల్లను పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో ఉంచండి, రెండిటి మధ్యా కాగితాలు కూరండి. గాలికి రంధ్రాలు మరవకండి. వేడి 40 నుంచి 55 ఫారెన్‌హీట్ (4 నుంచి 13 సెల్సియస్) మధ్య నిలవాలి. కారు పొగ చేరే గ్యారేజీ వద్దు. అసలు ప్రమాదం 60, 65 దగ్గర ఉండే గదిలో. పూర్తిగా నిద్రపోదు, తినేంత మెలకువా ఉండదు, ఉన్న కొవ్వంతా కరిగించుకుని నీరసిస్తుంది. రెండు వారాలకోసారి తూచండి. 10 శాతం తగ్గితే లేపేయండి. లేపిన రోజు మొదటి పని గోరువెచ్చటి నీళ్లు, తిండి ఆ తర్వాతే.

జబ్బు చేస్తే

ముక్కు నుంచి బుడగలు, కళ్లు వాయడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, వేడి ఉన్నా రోజంతా కదలకపోవడం. వీటిలో ఏది కనబడినా సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి. కుక్కలకూ పశువులకూ ఇచ్చే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లను చంపగలదు, పురుగుల మందు అని సొంతంగా ఎక్కించకండి. ముక్కు కారే జబ్బుకు ముఖ్య కారణం మైకోప్లాస్మా అగాసిజి అనే సూక్ష్మజీవి. పైకి బాగానే కనిపించే పెంపుడు తాబేలు కూడా దాన్ని మోస్తూ ఉండవచ్చు. పెంచలేకపోతే ఎడారిలో వదిలేయడం చట్టరీత్యా నేరం కావడానికి ఇదొక కారణం. దత్తత ఇచ్చిన సంస్థకే తిరిగి అప్పగించండి.

తోడు కోసమని రెండో పిల్లను తెచ్చి అదే పెట్టెలో పెట్టకండి. పెద్దది చిన్నదాన్ని తిండి దగ్గరకు రానివ్వదు, చిన్నది పైకి ఏమీ కనబడకుండానే చిక్కిపోతుంది. ఆడో మగో డిప్ప 7, 8 అంగుళాలు దాటితే గానీ తేలదు, అందుకు పదిహేనేళ్లు కూడా పట్టవచ్చు. అప్పటికి రెండూ మగవైతే ఒకదాన్నొకటి వెల్లకిలా పడేస్తాయి, ఒక ఆడా ఒక మగా అయితే గుడ్లు మొదలవుతాయి, చట్టం వద్దన్నది అదే.